సంచుల పెద్దమ్మ సాక్ష్యం

సంచుల కొట్టుకు ఎవరు వచ్చినా పెద్దమ్మ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఇందులో ఏం పెడతారు?" ధర సంగతి తరువాత, రంగు సంగతి ఆ తరువాత. పుస్తకాల సంచికి అడుగున దళసరి అట్ట వెయ్యాలి. పనిముట్ల సంచికి మూలల్లో తోలు పడాలి. పసిపిల్లల బట్టలు పెట్టుకునే సంచికి లోపల మెత్తని గుడ్డా, తడిసినవాటికి వేరే అరా ఉండాలి. ఏం పెడతారో తెలియకుండా కత్తెర పట్టుకోవడమంటే కళ్లకు గంతలు కట్టుకుని గుడ్డ కొయ్యడమేనని ఆమె భర్త అనేవాడు. ఆయన కన్నుమూశాక కొట్టూ, కుట్టుమిషనూ, ఆ ప్రశ్నా ఆమె పాలబడ్డాయి.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ పట్టలేదు. పురిటిలోనే పోయిన చెల్లెలి బిడ్డను పొత్తిళ్లలో తెచ్చుకుని పెంచింది కనుక ఆ బిడ్డకు పెద్దమ్మ అయింది. వాడి నోట ఆ పిలుపు విని వీధి వీధంతా అలాగే పిలవడం మొదలుపెట్టింది. వాణ్ణి ఆమె చంటీ అనేది. గుడ్డలు కోసే బల్ల కింద, పీలికల కుప్ప మీద నిద్రపోయిన ఆ పసివాడు ఆరడుగుల మనిషైనా ఆ పిలుపు మారలేదు. పక్క కొట్టులో తాళంచెవులు చేసే ముసలాయన, అందరికీ తాళాల బాబాయి, వాడు వంగి గుమ్మం దాటినప్పుడల్లా, "చంటివాడొస్తున్నాడు, గుమ్మానికి దెబ్బ తగలకుండా చూసుకోండి" అని అటూ ఇటూ వెళ్లేవాళ్లను హెచ్చరించేవాడు.

కొట్టుకు ఇంకొక నియమం ఉండేది. అదీ భర్త పెట్టినదే. బేరానికి వచ్చినవారి ఎదుట సరుకును గాని, ఆ సరుకు చేసిన చేతిని గాని తక్కువ చేసి మాట్లాడకూడదు. కుట్టు వంకరపోతే తెర వెనక్కి వెళ్లి తిట్టుకోవచ్చు, బయట మాత్రం మెచ్చుకోవలసిందే. ఈ రెండు నియమాలతోనే ఆమె వైధవ్యాన్ని నెట్టుకొచ్చింది, చెల్లెలి కొడుకును మనిషిని చేసింది. అవి రెండూ కలిసి ఆ కొడుకు మెడకే చుట్టుకుంటాయని కలలోనైనా అనుకోలేదు.

ఆ కొట్టులో కుట్టిన ప్రయాణపు సంచి ఒకటి, ఒకనాటి ఉదయం, రైలు స్టేషన్‌లో బెంచీ కింద దొరికింది. ఊడ్చే ఆమె చీపురుకు అడ్డం వచ్చిందని దాన్ని పక్కకు జరపబోయి, ఇంత సంచికి అంత బరువేమిటని అనుమానపడి కేక వేసింది. స్టేషన్‌ను ఖాళీ చేయించారు. అడుగున రెండు అట్టల నడుమ అమర్చిన బాంబును నిపుణులు వచ్చి నిర్వీర్యం చేశారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. కానీ సంచి పెట్టిన ఇద్దరూ పట్టుబడ్డారు, వారి నోటి నుంచి సంచి కుట్టినవాడి ఆచూకీ బయటపడింది. పోలీసులు వచ్చేసరికి చంటి ఒక బడిసంచికి జిప్పు వేస్తున్నాడు. ఆ జిప్పు సగంలోనే ఆగిపోయింది.

విచారణ చాలా కాలం సాగింది. చివరకు ముగ్గురూ దోషులేనని కోర్టు తేల్చింది. ఆ ఇద్దరికీ యావజ్జీవం పడింది. చంటి మీద నిలబడినది ఉగ్రవాదులకు సహాయపడిన నేరం. వాడి శిక్షను మాత్రం జడ్జిగారు వాయిదా వేశారు. ఇంటి పరిస్థితి, నడవడిక, ముందుముందు వాడి వల్ల జనానికి ప్రమాదం ఉంటుందా లేదా అన్నవి విచారించి నివేదిక ఇమ్మని ఒక అధికారిని నియమించారు.

"ఎవరూ చావలేదు కదమ్మా," అని పెద్దమ్మ వకీలమ్మను ఎన్నిమార్లు అడిగిందో లెక్కలేదు. చంటి తరఫున వాదిస్తున్న ఆ వకీలమ్మ వయసులో చిన్నదైనా ఓపికలో పెద్దది. అడిగినప్పుడల్లా మొదటిసారి వింటున్నట్టే జవాబు చెప్పేది.

"ఇలాంటి కేసుల్లో జరిగినదాన్నొక్కటే చూడరండీ. ఏం జరగాలని కోరుకున్నారో, ఎంతమంది పోయి ఉండేవారో అదీ చూస్తారు. మనవాడి విషయంలో అన్నిటికన్నా ముఖ్యం, వాడికి ఎంత తెలుసన్నది. అన్నీ తెలిసే కుట్టి ఉంటే ఆ ఇద్దరితో సమానం. అనుమానం వచ్చినా పట్టించుకోకుండా కుట్టాడనుకోండి, శిక్ష పెద్దదే పడుతుంది, కానీ దానికో చివరంటూ ఉంటుంది."

ఆ చివరన్న మాటను పెద్దమ్మ గట్టిగా పట్టుకుంది. వాళ్లను తాను ఏమీ అడగలేదని, కొలతలిస్తే కుట్టిపెట్టానని చంటి కోర్టులో చెప్పాడు. ఆ మాటను కోర్టు నమ్మితే చాలు.

అధికారి ఒక మధ్యాహ్నం కొట్టుకు వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా ఉన్న మనిషి. అప్పటికి వీధి ఆ కొట్టును వెలివేసినంత పని చేసింది. చుట్టుపక్కల పిల్లలు అవతలి అంచున నడిచి వెళుతున్నారు. కుట్టడానికిచ్చిన సంచులను కొందరు కుట్టకుండానే వెనక్కి పట్టుకుపోయారు. ఎవరో రాత్రికి రాత్రి తలుపు మీద బురద కొట్టిపోతే ఆమె తెల్లవారి కడుక్కుంది. కొట్టు గుమ్మంలో కొత్త మనిషి గొంతు వినక ఎన్నాళ్లయిందో, ఆయన "నమస్కారమండీ" అనగానే ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఆయన కూర్చోలేదు. గోడకు వేలాడుతున్న ఒక సంచి దగ్గర నిలబడి, దాని అడుగుకుట్టును బొటనవేలితో తడిమి చూశాడు. బేరానికి వచ్చినవారు చేసే పని అది. అంతే, పెద్దమ్మలోని కొట్టు మనిషి మేలుకుంది.

"ఇది ఎవరు కుట్టారండీ?"

"మా చంటిగాడే బాబూ. లాగి చూడండి, ఊడదు."

అక్కడ మొదలైన మాట ఆగలేదు. వాడు చేతికిచ్చిన పని సగంలో వదలడని, చెప్పిన రోజుకు ఇచ్చి తీరతాడని, వీధిలో ఎవరికి సందేహం వచ్చినా వాణ్ణే అడుగుతారని చెప్పుకుపోయింది. ఆయన తల ఊపుతూ రాసుకున్నాడు. ఎవరేం కుట్టమంటే అది కుట్టేసే రకమా అని మధ్యలో మెల్లగా అడిగాడు.

"వాడా? ఏం పెడతారో అడగందే కత్తెర ముట్టడు బాబూ. వాణ్ణి మాయ చెయ్యడం ఎవరి తరమూ కాదు."

ఆయన కలం ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. పెద్దమ్మ సంబరపడి టీ ఇచ్చి పంపింది. ఆయన వీధి మలుపు తిరిగాక తాళాల బాబాయి ఆకురాయి పక్కన పెట్టి ఇటు వచ్చాడు. గోడ పలచన, అంతా విన్నాడు.

"ఆయనేమన్నా పెళ్లికొడుకును చూసుకోవడానికి వచ్చాడనుకున్నావా పెద్దమ్మా?"

ఆ ఎత్తిపొడుపు ఆమెకు అప్పుడు అర్థం కాలేదు. నివేదిక చేతికొచ్చాక వకీలమ్మ గదిలో అర్థమైంది. ఆ గదిలో కుర్చీల కన్నా కాగితాల కట్టలు ఎక్కువ. ఒక కుర్చీ మీది కట్టలు దించి పెద్దమ్మను కూర్చోబెట్టి, వకీలమ్మ నివేదికలోని ఆ రెండు వాక్యాలూ చదివింది. చదివి కళ్లజోడు తీసింది.

"ఇవి మీరన్న మాటలేనా?"

"నావే."

"వాడేమో ఏమీ అడగలేదని కోర్టులో చెప్పాడు. అడగకుండా కుట్టడని మీరు చెప్పారు. రేపు ప్రభుత్వ వకీలు ఏమంటాడో తెలుసా? అడగడం వాడి అలవాటు, కనక అడిగాడు, కనక తెలుసు, కనక కోర్టులో అబద్ధమాడాడు. యావజ్జీవానికి అంతకన్నా ఏం కావాలి? మిమ్మల్ని బోను ఎక్కించి ఇదే చెప్పిస్తాడు."

అలా అనలేదని చెప్పనా అని పెద్దమ్మ అడిగింది. అబద్ధం చెప్పమనడం తన పని కాదని వకీలమ్మ అంది, గట్టిగానే అంది గాని ఆ గొంతులో కోపం లేదు. ఇంటికి వెళ్లి ఆలోచించుకోమని, నీళ్లు తాగమని, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.

ఆలోచించుకోవడానికి కొత్తగా ఏమీ లేదు. ఉన్నది పాతదే; ఎవరికీ చెప్పనిది.

ఆ ఇద్దరూ సంచి పురమాయించిన రోజున పెద్దమ్మ కొట్టులోనే ఉంది. తెర వెనక మిషను ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కిస్తున్నది. అడుగున రెండు అట్టలు, నడుమ ఖాళీ, బయటికి తెలియకూడదని వాళ్లు అన్నారు. ఏం పెడతారండీ అని చంటి మామూలుగానే అడిగాడు. బదులుగా ముందు చిన్న నవ్వు వినిపించింది. ఆ తరువాత, అడక్కపోతే నీకే మంచిది అన్న మాట వినిపించింది. కొలబద్ద బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తరువాత, బరువు చెప్పండి చాలన్నాడు చంటి.

అప్పుడామె లేచి తెర తొలగించి, ఇటువంటి పని మా కొట్టులో చెయ్యమని అనవచ్చు. అనలేదు. దొంగసరుకేదో అనుకుంది. అనుకుని, ఇంకా ఏమి వినవలసి వస్తుందోనని, దారం ఎక్కని సూదితోనే మిషను తొక్కడం మొదలుపెట్టింది. మిషను చప్పుడులో ముందు గదిలోని మాటలు కొట్టుకుపోయాయి. అవి కొట్టుకుపోవాలనే తొక్కింది.

పోలీసులు వచ్చిన రోజున, సంచి పురమాయించిన నాడు పెద్దమ్మ గుడ్డ కొనడానికి వెళ్లిందని చంటి తనంతట తానే చెప్పాడు. అవునా అని వాళ్లు ఆమెను అడిగారు. ఆమె తల ఊపింది. అడగడాన్ని వాడు కోర్టులో ఎందుకు దాచాడో ఆమెకు ఇప్పుడు తెలిసివచ్చింది. అడిగాననీ, వాళ్లు చెప్పలేదనీ అంటే, దానికి సాక్షి ఎవరని అడుగుతారు. వాళ్లు ముగ్గురూ కాక ఆ కొట్టులో ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

అప్పటి నుంచి ఆమెను పట్టుకున్న భయం అంతకు ముందరి భయం వంటిది కాదు. ముందుది వాడి కోసం. దానికి ఏడుపు ఉండేది. ఇది తన కోసం. దీనికి ఏడుపు కూడా లేదు. వీధిలో బండి ఆగితే వెళ్లి తలుపు గడియ వేసేది. తాళాల బాబాయి ఏదో అడగడానికి తెర పక్కకు లాగితే ఉలిక్కిపడి కత్తెర కింద పడేసుకుంది. ఇంత పిరికిదాన్నని తనకే తెలియదని ఆమె ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యంలోనూ సిగ్గు కలిసి ఉంది.

జైలులో చంటిని చూడనిచ్చే రోజు వచ్చింది. మనిషికీ మనిషికీ నడుమ బల్ల. బల్ల చివర కాపలాదారు, వాళ్ల మాటలు విననట్టు గోడ వంక చూస్తూ. వాడు చిక్కాడు. చొక్కా భుజాలు దిగిపోయి ఉన్నాయి. భుజం కుట్టు విప్పి వెనక్కి జరపాలని ఆమె చేతులు తహతహలాడాయి.

"కొట్టు తీస్తున్నావా?" అని అడిగాడు.

"సగం తలుపు తీస్తున్నా."

"సగం మనుషులొస్తారు మరి," అన్నాడు నవ్వబోతూ. నవ్వు సగంలోనే ఆగింది.

ఆమె ముందుకు వంగింది. "ఒరేయ్ చంటీ, ఆ రోజు నేను—"

"ఆ రోజు నువ్వు గుడ్డ కొనడానికి వెళ్లావు పెద్దమ్మా."

"అది కాదురా—"

"వెళ్లావు. ఎండ మండిపోతోందని విసుక్కుంటూ వచ్చావు కూడా." వాడు కాపలాదారు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించకుండానే అన్నాడు. "బయట నాకంటూ ఒక మనిషి ఉండాలి. ఉండాలంతే."

ఆమె ఆ మాట వదిలేసింది. తాను అడగకూడదనుకున్నదే అడిగింది. సంచి ఇచ్చేటప్పుడైనా వాళ్లు ఏమైనా చెప్పారా, నీకు తెలుసా అని. తెలియదు పెద్దమ్మా అన్నాడు వాడు, బల్ల వంక చూస్తూ. ఆ తల వంచడంలో అబద్ధం ఉందో, అలసట ఉందో ఆమెకు అంతుపట్టలేదు. కళ్లముందు పెరిగిన బిడ్డ. వాడి దగ్గు వింటే జలుబో కాదో చెప్పగలిగిన మనిషి ఆమె. అటువంటిది ఆ ఒక్క జవాబు నిజమో కాదో తేల్చుకోలేకపోయింది. తన భయాలన్నిటికీ అడుగున ఉన్నది ఇదేనని తిరిగి వస్తూ దారిలో ఒప్పుకుంది. ఒకవేళ తెలిసే కుట్టి ఉంటే? అటువంటివాడి కోసం తాను జైలుకు పోవాలా? ఆ ఆలోచనకు తన మీద తనకే రోత పుట్టి, దిగవలసిన చోట బస్సు దిగడం మరిచి చాలా దూరం పోయింది.

శిక్ష వినిపించే రోజున తాళాల బాబాయి కొట్టు మూసి తోడు వచ్చాడు. కోర్టు నడవలో వకీలమ్మ ఎదురైంది. పెద్దమ్మ ఆమె కొంగు పట్టుకుని పక్కకు లాగి, ఆ రోజు ఎవరైనా తెర వెనక ఉండి వింటే ఏమవుతుందని అడిగింది. వకీలమ్మ ముఖంలో రంగు మారింది. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకేం చెప్పకండి. నేను వాడి వకీలును, మీ వకీలును కాను. ఎవరైనా విని ఉంటే వాళ్ల మాట వాడికి పనికొస్తుంది, నిజమే. కానీ అలా విని ఎవరికీ చెప్పకపోవడం ఈ చట్టంలో వేరే నేరం. పోలీసులకు లేనని చెప్పడం ఇంకోటి. ఆ ఎవరో ముందు తనకో వకీలును చూసుకోవాలి. బోను ఎక్కకముందే."

"ఇప్పుడా? ఎక్కడ దొరుకుతాడు?"

ఎవరినైనా పిలిపించడానికి ప్రయత్నిస్తానని వకీలమ్మ ఫోను తీసింది. ఇంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది.

కోర్టు గది పెద్దదేమీ కాదు. పై కిటికీల నుంచి వెలుగు పడుతున్నా గోడలు చల్లగా ఉన్నాయి. చంటిని, ముద్దాయిల కోసం కట్టిన అద్దాల గదిలో, ఇద్దరు పోలీసుల నడుమ నిలబెట్టారు. జడ్జిగారు నెరిసిన జుట్టుతో, బడిలో లెక్కలు చెప్పే మాస్టారులా ఉన్నారు. ఆయన గొంతు ఎంత మెత్తగా ఉందంటే, అరిచి ఉంటేనే తక్కువ భయం వేసేదేమో అనిపించింది పెద్దమ్మకు.

మొదట స్టేషన్‌లో ఊడ్చే ఆమెను పిలిచారు. ఆ సంఘటన తన బతుకును ఏమి చేసిందో చెప్పుకునే హక్కు ఆమెకు ఉందట. ఇంచుమించు పెద్దమ్మ వయసే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పమిట చెంగును వేలికి చుట్టుకుంటూ మాట్లాడింది. ఆ పని మానేశానంది. బస్సులో ఎవరైనా కాళ్ల దగ్గర సంచి పెట్టుకుంటే దిగిపోతున్నానంది. "మా మనవరాలు బడిసంచి తెచ్చి గుమ్మంలో పడేస్తుందండీ. దాన్ని రోజూ తిడుతున్నాను. పసిదాని మీద అరుస్తున్నాను. అది నన్ను చూసి భయపడుతోంది," అంది. మరేమీ అనలేదు. వెళ్లి కూర్చుంది.

చేతులారా సంచులు కుట్టి బతికిన పెద్దమ్మ తన రెండు చేతులనూ ఒడిలో దాచుకుంది.

తరువాత ఆమెను పిలిచారు. బోను మెట్టు ఎక్కబోయి తడబడితే బంట్రోతు మోచేయి పట్టుకున్నాడు. నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. ప్రభుత్వ న్యాయవాది నివేదికలోని ఆమె మాటలను చదివి, ఇవి మీవేనా అని మర్యాదగా అడిగాడు. తనవేనంది. మీ కొట్టులో ఏం పెడతారో అడగకుండా సంచి కుట్టిన సందర్భం ఏదైనా ఉందా అని అడిగాడు. లేదంది.

"అయితే ఆ సంచి విషయంలో కూడా అడిగే ఉంటాడు."

"అడిగాడండీ."

అడిగే ఉంటాడు అన్నదానికి ఆమె అడిగే ఉంటాడు అనలేదు, అడిగాడు అంది. న్యాయవాది కాగితం కిందికి దించాడు. జడ్జిగారు తల ఎత్తారు.

"అమ్మా, ఆగండి. మీరు ఇప్పుడు చెప్పబోయేది మీ మీదికే రావచ్చు. మీ మీదికి వచ్చే జవాబు చెప్పి తీరాలని చట్టం మిమ్మల్ని బలవంతపెట్టదు. ఇక్కడితో ఆపినా ఎవరూ తప్పుపట్టరు. అర్థమైందా?"

అర్థమైందని ఆమె తల ఊపింది. అద్దాల వెనక చంటి తల అడ్డంగా ఊపుతున్నాడు. మెల్లగా, ఆపకుండా, పసితనంలో చేదుమందు వద్దన్నట్టు. ఆమె బోను కొయ్యను రెండు చేతులా పట్టుకుంది. దిగిపోవచ్చు. దిగిపోతే సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. వాడికి కావలసినదీ అదే. వాడి కోరిక తీర్చినట్టే అవుతుంది గాని, అడిగాడు అన్న ఒక్క మాట మాత్రం ఈ గదిలో మిగిలిపోతుంది. దాని తరువాతి మాట చెప్పగలిగినవారు ఎవరూ లేరు.

"నేను ఆ రోజు గుడ్డ కొనడానికి వెళ్లలేదండీ," అంది. "తెర వెనకే ఉన్నాను. వాడు అడిగాడు. వాళ్లు చెప్పలేదు. అడక్కపోతే నీకే మంచిదన్నారు. వాడు బరువెంతో అడిగి ఊరుకున్నాడు."

"ఆ తరవాత ఏం మాట్లాడుకున్నారు?" న్యాయవాది గొంతులో ఇప్పుడు ఇంతకు ముందరి మర్యాద లేదు.

"తెలీదండీ. నేను మిషను తొక్కాను."

"ఎందుకు?"

"వినపడకుండా ఉండాలని."

"అంటే మీకూ అనుమానం వచ్చింది."

"వచ్చింది. దొంగసరుకనుకున్నాను. ఇంకేదైనా అయితే నాకు తెలియకుండా ఉంటే బాగుండుననుకున్నాను."

"సంచి అప్పగించేటప్పుడు అతనికి తెలిసిందా?"

తెలియదని అన్నాడు అని చెప్పవచ్చు. నమ్మానని చెప్పవచ్చు. ఆ రెంటికీ ఆమెకు నోరు రాలేదు. "అప్పుడు నేను లేనండీ. నేను విన్నంతే చెప్పగలను," అంది. వకీలమ్మ కళ్లు మూసుకుని తెరిచింది.

జడ్జిగారు లేచి లోపలికి వెళ్లి, మధ్యాహ్నం విరామం తరువాత వచ్చారు. చెప్పదలచినదంతా మెత్తని ఆ గొంతుతోనే చెప్పారు. ఎవరూ చనిపోకపోవడం ముద్దాయి గొప్పతనం కాదని, అది ఒక కార్మికురాలి చలవ అని అన్నారు. ఆ సంచి ఎంతమందిని చంపడానికి తయారైందో మరిచిపోలేమన్నారు. కోర్టులో అబద్ధమాడడం కూడా ముద్దాయికి వ్యతిరేకంగానే నిలుస్తుందన్నారు. అయితే ఆ ఇద్దరి ఆలోచనలలో అతనికి భాగం ఉన్నట్టు రుజువు కాలేదని, ఇంతకు ముందు ఏ నేరమూ చెయ్యలేదని, వయసు చిన్నదని చెప్పి, సాక్షి వైపు తిరిగారు. తనకు కీడు జరుగుతుందని తెలిసీ, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకుండా, విన్నది మాత్రమే చెప్పిన మనిషి మాటను నమ్ముతున్నానన్నారు. అంచేత అంతా తెలిసి కుట్టాడన్నది సందేహానికి తావు లేకుండా తేలలేదు. తెలుసుకోకుండా ఉండడానికి ప్రయత్నపడినవాడు అమాయకుడు మాత్రం కాడు.

పద్దెనిమిదేళ్ల జైలు. అందులో మూడింట రెండు వంతులు గడిచేదాకా విడుదల మాట ఎత్తడానికి వీల్లేదు. బయటికి వచ్చాక కూడా కొన్నాళ్లు పోలీసుల కనుసన్నల్లోనే ఉండాలి.

చివర ఉంది. పెద్దమ్మకు ముందు అదే వినిపించింది. ఆ చివరన తానుంటుందా అన్నది ఆ తరువాత తట్టింది. ఊడ్చే ఆమె ఒక్కతే కూర్చుని, సరిపోయిందనీ అనలేదు, చాలలేదనీ అనలేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. చంటిని అద్దాల గది వెనక తలుపు నుంచి తీసుకుపోయారు. వాడు పెద్దమ్మ వైపు చూడలేదు. కోపమో, చూస్తే నిలబడలేననో. వాడు గుమ్మం దగ్గర వంగడం, పోలీసు చెయ్యి వాడి వీపు మీద పడడం మాత్రం ఆమెకు కనిపించాయి.

జడ్జిగారు చివరగా మరో రెండు వాక్యాలు చెప్పారు. ఈ సాక్షి వాంగ్మూలం ప్రతిని దర్యాప్తు అధికారులకు పంపాలన్నారు. ఆపైన ఏమి చెయ్యాలన్నది వారే నిర్ణయించుకోవాలన్నారు.

వారికి ఎక్కువసేపు పట్టలేదు. కోర్టు మెట్లు దిగేసరికి మామూలు దుస్తులలో ఉన్న ఇన్‌స్పెక్టర్ ఒకామె ఎదురు వచ్చి, కాస్త మాట్లాడాలి, మా ఆఫీసుకు వస్తారా అని అడిగింది. అడగడం మర్యాదగానే ఉంది గాని, పక్కన కారు తలుపు అప్పటికే తెరిచి ఉంది.

"నేను కూడా వస్తాను," అన్నాడు తాళాల బాబాయి. "ఈమెను ఒంటరిగా కూర్చోబెడితే మాటలెక్కువవుతాయి."

"మీరు రాకూడదండీ."

వెనక నుంచి వకీలమ్మ పరుగున మెట్లు దిగి వచ్చింది. తనకు తెలిసిన వకీలు ఒకాయన బయలుదేరాడని, ఆయన వచ్చేదాకా పేరు తప్ప ఏమీ చెప్పవద్దని పెద్దమ్మ చెవిలో చెప్పింది. పెద్దమ్మ సరేనంది.

ఆమె ఇన్‌స్పెక్టర్ వంక తిరిగింది. "అమ్మా, ఒక్క సంగతి. ఒకవేళ నన్ను కూడా లోపల పెడితే, వాడున్న చోటే పెడతారా?"

"ఆడవాళ్ల జైలు వేరమ్మా," అంది ఇన్‌స్పెక్టర్. "ఇంకా అంత దాకా రాలేదు. ఎక్కండి."

పెద్దమ్మ ఎక్కింది. అంత మెత్తని సీటులో ఎప్పుడూ కూర్చోలేదు. ఒళ్లంతా లోపలికి దిగిపోతున్నట్టయి, ముందు సీటు అంచు పట్టుకుంది. బయట తాళాల బాబాయి ఏదో అంటున్నాడు. తలుపు ఎలా వేసుకోవాలో తెలియక ఆమె దాన్ని పట్టుకుని అటూ ఇటూ చూస్తూ ఉంటే, ఇన్‌స్పెక్టర్ ఆమె చేతిని మెల్లగా విడిపించి ఒడిలో పెట్టి, బయటి నుంచి తలుపు మూసింది.